పింగ్ నది తీరమున నిలిచినవాడు
డానియేలు మెక్‌గిల్వరీ దొరగారి జీవితము



ఎదురుదెబ్బ తగిలినప్పుడు నిలుచుట మేలా, లేచిపోవుట మేలా? మన గ్రామ సంఘములలో ఈ ప్రశ్న తరచుగా పుట్టుచుండును. మొదటి పైరు ఎండిపోగానే రైతు నాగలిని గట్టుమీద పారవేసి ఊరు విడుచునా? కూడిక చిన్నదై, క్రొత్తగా విశ్వసించినవారిమీద ఊరివారు కోపించినప్పుడు సేవకుడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు మాటలతోగాక నలువదినాలుగేండ్ల బ్రతుకుతో జవాబు చెప్పిన ఒక మిషనెరీ చరిత్రను ఈ మాసము మీ ముందుంచుచున్నాము. ఆయన పనిచేసినది మన దేశములో కాదు. బంగాళాఖాతమునకు ఆవల, బర్మా సరిహద్దున నున్న కొండసీమలో. అందుచేత మొదట ఆ సీమను గూర్చి కొంచెము తెలిసికొందము.

ఆ సీమ, ఆ నది

థాయిలాండు దేశమును పూర్వము సయాము అని పిలిచెడివారు. దాని ఉత్తరపు కొసను చియాంగ్ మై అను పరగణా కలదు. విస్తీర్ణములో అది విభజనకు ముందున్న మన అనంతపురము జిల్లాకంటె కొంత పెద్దది. దాని ఉత్తరపు హద్దు నేటి మయన్మారు దేశపు షాన్ రాష్ట్రము. నేలలో ఎక్కువభాగము కొండలును టేకు అడవులును. ఆ దేశమంతటిలో ఎత్తయిన శిఖరము అచ్చటనే యున్నది. దాని పేరు దొయి ఇంతనోన్, ఎత్తు 2,565 మీటర్లు. ఈ కొండలలో పుట్టిన పింగ్ నది దక్షిణముగా పారి, ఇతర నదులతో కలిసి చావో ఫ్రాయా అను పెద్ద నదియై, బ్యాంకాకు ప్రక్కగా సముద్రములో పడును. నదికి ఇరువైపుల పల్లపు భూములలో వరి పండును. ఆ ప్రాంతమునకు లాన్నా అని పాత పేరు. పది లక్షల వరిమళ్లు అని దాని అర్థము.

1296లో మెంగ్‌రాయ్ అను రాజు అచ్చట పట్టణము కట్టించి చియాంగ్ మై, అనగా క్రొత్త పట్టణము, అని పేరు పెట్టెను. అంతకు పూర్వము 1262లో ఈశాన్యమున చియాంగ్ రాయ్ పట్టణమును స్థాపించినవాడును ఈయనయే. 1558లో బర్మావారు లాన్నాను జయించిరి. రెండు వందల ఏండ్లకు పైగా వారి అధికారము సాగెను. 1774లో సయాము సహాయముతో వారిని వెళ్లగొట్టిరి గాని, యుద్ధముల వలన చియాంగ్ మై పట్టణము ఇరువది సంవత్సరములు పాడుపడి యుండెను. 1796లో కావిల అను ప్రభువు జనులను తెచ్చి మరల కాపురముంచెను. అప్పటినుండి అచ్చటి ప్రభువులు మూడేండ్లకొకసారి బంగారు చెట్టును వెండి చెట్టును చేయించి బ్యాంకాకు రాజునకు కప్పముగా పంపుచు, తమ సీమలో మాత్రము తామే ఏలికలై యుండిరి. ప్రజల ప్రాణములు వారి చేతిలోనే యుండెను.

ప్రజలు బౌద్ధులు. దానితోపాటు ఇంటి దయ్యములకును కుల దయ్యములకును భయపడి మ్రొక్కుబడులు చెల్లించెడివారు. వారికి సొంత లిపి కలదు. దాని అక్షరములు మన తెలుగు అక్షరములవలె గుండ్రముగా నుండును. ఇందులో వింత లేదు. వారి లిపియు మన లిపియు ప్రాచీనమైన బ్రాహ్మీ లిపినుండి పుట్టినవే.

పిలుపు

డానియేలు మెక్‌గిల్వరీగారు అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రమున 1828 మే 16వ తేదీన జన్మించిరి. వారి పెద్దలు స్కాట్లండు కొండప్రాంతమునుండి వలస వచ్చిన ప్రెస్బిటేరియనులు. ఆయన కొంతకాలము ఉపాధ్యాయులుగా పనిచేసి, పిమ్మట ప్రిన్స్‌టన్ వేదాంత పాఠశాలలో చదివి 1856లో ముగించిరి. అచ్చట నుండగా సయామునుండి వచ్చిన హౌస్ అను వైద్య మిషనెరీ ఆ దేశపు అక్కరను గూర్చి ప్రసంగించిరి. విన్నవారిలో మెక్‌గిల్వరీగారును, ఆయన సహపాఠి జోనాథన్ విల్సన్‌గారును ఉండిరి. ఇద్దరును 1858 జూన్ మాసమున బ్యాంకాకులో దిగిరి.

1860లో మెక్‌గిల్వరీగారు సోఫియా బ్రాడ్లీగారిని వివాహమాడిరి. ఆమె సయాములో మశూచికి టీకాలు వేయుట ప్రారంభించిన డాక్టరు బ్రాడ్లీగారి కుమార్తె. బ్యాంకాకులోనే పుట్టినది గనుక ఆ దేశపు భాష ఆమెకు చిన్ననాటినుండి వచ్చును. మరుసటి సంవత్సరమున వారు పెచ్చబురి అను ఊరికి పోయి సేవ మొదలుపెట్టిరి. అచ్చట పూర్వ యుద్ధములలో చెరపట్టి తెచ్చిన లావో జాతివారి పల్లెలు కొన్ని యుండెను. వారితో మాటలాడుచున్నకొలది దొరగారి మనస్సు ఉత్తరమునకు తిరిగెను. ఆ దినములలో సయామీయులు చియాంగ్ మై ప్రజలనుకూడ లావోలనియే పిలిచెడివారు. 1863 చివరను మెక్‌గిల్వరీ, విల్సన్‌గార్లు చియాంగ్ మై వెళ్లి చూచి వచ్చిరి.

చియాంగ్ మై ప్రభువైన కావిలోరోట్ పని మీద బ్యాంకాకుకు వచ్చినప్పుడు బ్రాడ్లీగారి యింటికి పోవుచుండెను. ఆ పరిచయము వలన ఆయన మిషనెరీలను తన పట్టణములో నుండనిచ్చెను. 1867 జనవరి ఆరంభమున మెక్‌గిల్వరీ దంపతులు బ్యాంకాకులో పడవలెక్కిరి. పింగ్ నదిలో కొండల నడుమ బండరాళ్లు, సుడులు గల చోట్లు అనేకములు. అచ్చట పడవవాండ్రు గడలతో పొడిచి, త్రాళ్లతో లాగి పడవలను ఎక్కింపవలెను. దాదాపు మూడు మాసములు ప్రయాణముచేసి ఏప్రిల్ ఆరంభమున వారు చియాంగ్ మై చేరిరి. ఆ నదీ మార్గమున కొంతభాగము 1964లో కట్టిన భూమిబోల్ ఆనకట్ట నీటి క్రింద నేడు మునిగియున్నది. నేటివారు విమానములో గంట ప్రొద్దులో పోవు దూరమది.

సత్రములో కాపురము

వారికి ఇల్లు లేదు. పట్టణపు తూర్పు వాకిలి వెలుపల బాటసారులకొరకు కట్టిన ఒక సత్రము దొరికినది. సంవత్సరమునకు మించి అదే వారి కాపురము. తెల్లవారు ఎట్లు తిందురో, ఎట్లు పండుకొందురో చూచుటకు జనులు ప్రొద్దుటినుండి మాపువరకు వచ్చుచుండిరి. మరియొకరైతే తలుపు మూసికొని విసుగుకొందురు. వీరు ఆ గుంపునే తమ కూడికగా ఎంచుకొనిరి.

దొరగారు వైద్యుడు కారు. అయినను తమవెంట తెచ్చిన క్వయినా మందు చలిజ్వరమునకు ఇచ్చిరి. ఆ సీమలో చలిజ్వరము మిక్కిలి ఎక్కువ గనుక మందు కొరకు దూర గ్రామములనుండి జనులు వచ్చిరి. కొండప్రాంతములలో మెడకు కాయు గడ్డలకు అయొడిను లేపనము పూసిరి. బ్యాంకాకునుండి మామగారు పంపిన టీకా మందుతో పిల్లలకు మశూచి టీకాలు వేసిరి. 1868 ఆరంభమున విల్సన్ దంపతులు వచ్చి కలిసిరి. ఆ ఏప్రిల్ మాసమున చియాంగ్ మై సంఘము స్థాపింపబడెను. అయితే అందులో ఆ సీమవాడు ఒక్కడును లేడు.

గ్రహణ దినము

ఆ దినములలో నాన్ ఇంటా అను పండితుడొకడు దగ్గుకు మందు కొరకు దొరగారియొద్దకు వచ్చెను. నాన్ అనునది ఇంటి పేరు కాదు, బిరుదు. బౌద్ధ భిక్షువుగా పూర్తి దీక్ష తీసికొని, తరువాత గృహస్థుడైనవానికి ఆ సీమలో నాన్ అనియు, బాలదీక్ష మాత్రము పొందినవానికి నోయి అనియు పేరు. ఈ నాన్ ఇంటా మఠములో పెద్దగా నుండినవాడు, శాస్త్రములు చదివినవాడు. కొత్త బోధను విని ఊరకనే తల యూపువాడు కాడు. దినములు తరబడి వాదించెను.

1868 ఆగష్టు 18వ తేదీన సూర్యగ్రహణము పట్టునని దొరగారు ఒక వారము ముందుగా అతనితో చెప్పిరి. రాహువు సూర్యుని మ్రింగుననియు, జనులు డప్పులు కొట్టి తుపాకులు కాల్చినయెడల విడుచుననియు అచ్చట నమ్మకము. మన పల్లెలలోని పెద్దలకు ఈ కథ క్రొత్తది కాదు. చెప్పిన దినమున, చెప్పిన వేళకు గ్రహణము పట్టెను. నాన్ ఇంటా తన గ్రంథములలోని లోకవర్ణన నిలువదని గ్రహించెను.

ఆ గ్రహణము మన దేశమునకును సంబంధించినదే. దాని సంపూర్ణ ఛాయ మన గుంటూరు మీదుగా పోయెను. జాన్‌సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరునుండియే దానిని పరిశీలించెను. ఆ ఛాయ బంగాళాఖాతము దాటి సయాము దక్షిణ భాగముపై పడినప్పుడు, ఖగోళశాస్త్రము తెలిసిన మోంగ్కుట్ రాజు స్వయముగా లెక్కకట్టి, సముద్రతీరమునకు పోయి చూచెను. అక్కడ పట్టిన చలిజ్వరముతోనే అక్టోబరు 1వ తేదీన మరణించెను. చియాంగ్ మై ఆ ఛాయకు ఉత్తరముగా నున్నందున అచ్చట సూర్యుడు పూర్తిగా కప్పబడలేదు.

ఇచ్చట ఒక మాట చెప్పవలెను. గ్రహణమును ముందుగా చెప్పగలుగుట సువార్తకు ఋజువు కాదు. లెక్క తెలిసిన ఎవరైనను చెప్పగలరు. ఆ గ్రహణము నాన్ ఇంటాకు ఒక తలుపు తెరచినది, అంతే. లోపలికి నడిపించినది వేరొకటి. తన భాషలో బైబిలు లేనందున అతడు సయాము లిపి నేర్చుకొని సువార్తలను చదివెను. పాపమునకు క్షమాపణ కలదను మాట అతనిని పట్టుకొనెను. 1869 జనవరి 3వ తేదీ ఆదివారమున అతడు బాప్తిస్మము పొందెను. ఆ సంవత్సరపు మధ్యభాగమునకు విశ్వాసులు ఏడుగురైరి.

ఇద్దరు సాక్షులు

కావిలోరోట్ ప్రభువు దీనిని సహింపలేకపోయెను. వైద్యము చేయు పరదేశులను రానిచ్చితినిగాని, తన ప్రజలను తిప్పుకొనువారిని కాదని ఆయన తలంపు. ఆయన పక్షమున చూచినయెడల ఆయన భయమును మనము అర్థము చేసికొనవచ్చును. ఒక ప్రక్క బ్యాంకాకు రాజు, ఒక ప్రక్క బర్మాలో ఇంగ్లీషువారు, నడుమ తన చిన్న సీమ. ఏలికకంటె పైవాడొకడు కలడని ప్రజలు నేర్చుకొని, ఆదివారమున వెట్టిపనికి రామని చెప్పినయెడల తన అధికారమేమగును? భయపడిన అధికారి ఏమి చేయునో హేరోదు కథవలన మనకు తెలియును.

సెప్టెంబరు మాసమున నోయి సున్యా, నాన్ చై అను ఇద్దరు విశ్వాసులను గ్రామమునుండి పట్టుకొని పోయిరి. కోటపనికి తేవలసిన కలప తేలేదని నేరము మోపిరి. విచారణలో తాము క్రైస్తవులమని వారు ఒప్పుకొనిరి. చేతులు వెనుకకు విరిచి కట్టి, చెవుల రంధ్రములగుండ త్రాళ్లు దూర్చి పై దూలమునకు బిగించి రాత్రియంతయు ఉంచిరి. తెల్లవారిన తరువాత, 1869 సెప్టెంబరు 14వ తేదీన, వారిని అడవిలోనికి తీసికొనిపోయిరి. వారు ప్రార్థించిరి. దుడ్డుకర్రలతో వారిని కొట్టి చంపిరి.

ఈ ఇద్దరు పాదిరులు కారు. బాప్తిస్మము పొంది కొన్ని మాసములైనను నిండనివారు. సంఘ చరిత్రను చదువునప్పుడు దొరల పేర్లు మనకు జ్ఞాపకముండును. అయితే చియాంగ్ మైలో సువార్తకు మొదటి వెల చెల్లించినవారు ఈ ఇద్దరు పల్లెటూరివారు. ప్రియులారా, వారి పేర్లను మరువకుడి.

నాన్ ఇంటా తప్పించుకొని ప్రాణము దక్కించుకొనెను. ఒకే సంఘము, ఒకే విశ్వాసము. ఇద్దరు చంపబడిరి, ఒకడు తప్పించబడెను. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయములో యాకోబు కత్తికి గురియగుటయు, పేతురు చెరనుండి విడిపింపబడుటయు ప్రక్కప్రక్కనే చదువుదుము. ఎందుకిట్లయ్యెనని అచ్చట వ్రాయబడలేదు. చనిపోయిన వానికి విశ్వాసము తక్కువయని గాని, బ్రతికిన వానికి ఎక్కువయని గాని ఆ అధ్యాయము చెప్పదు. మన సంఘములలో ఒక యింట రోగి లేచి, మరియొక యింట రోగి మరణించినప్పుడు తొందరపడి కారణములు చెప్పెడివారు ఆ అధ్యాయమును మరల చదువుట మేలు.

నిలుచుటయా, పోవుటయా?

ఈ హత్య సంగతి మిషనెరీలకు వెంటనే తెలియలేదు. ఒక్కసారిగా పనివారందరు భయపడి పారిపోయిరి. గుసగుసలు మాత్రము వినవచ్చెను. రెండు వారములకు నిజము తెలిసెను. పడవలో దిగిపోవలెనన్నను వారములు పట్టును, చుట్టును ప్రభువు మనుష్యులు, ఇంటిలో చిన్నపిల్లలు. వారు రహస్యముగా ఒక లేఖను బ్యాంకాకుకు పంపి, జవాబు కొరకు మూడు మాసములు కనిపెట్టిరి.

డిసెంబరు చివరను బ్యాంకాకు ప్రభుత్వపు అధికారియు, ఇద్దరు మిషనెరీలును చియాంగ్ మైకి వచ్చిరి. దర్బారులో ప్రభువు మొదట కలప సంగతియే చెప్పెను. అప్పుడు మెక్‌గిల్వరీగారు లేచి, వారు చేసిన నేరము క్రైస్తవులగుట తప్ప మరేమియు లేదని ప్రభువు ముఖముమీదనే చెప్పిరి. తన మాటతో మనుష్యుల ప్రాణము తీయగల ఏలిక ఎదుట, రక్షణకు సైన్యము లేని పరదేశి పలికిన మాటలవి. ప్రభువు మండిపడెను. మతము నిమిత్తమే చంపించితిననియు, ఇకముందు విశ్వసించువారినికూడ చంపుదుననియు బహిరంగముగా చెప్పెను.

వచ్చినవారందరు దొరగారిని తమవెంట బ్యాంకాకుకు రమ్మనిరి. అది సబబైన సలహాయే. సంఘము చెదరిపోయినది. క్రొత్తగా ఎవరైనను విశ్వసించినయెడల వారికి మరణము. అట్టిచోట ఉండి ఏమి లాభము? అయితే మెక్‌గిల్వరీగారును విల్సన్‌గారును ఉండుటకే నిశ్చయించిరి. తాము పోయినయెడల ఆ ఇద్దరి రక్తము మీద ఎల్లకాలమునకు తలుపు మూయబడునని వారికి తోచెను. దొరసానిగారును ఆ నిశ్చయములో పాలుగలవారే. పిల్లలను ఒడిలో పెట్టుకొని ఆ నిశ్చయము చేయుట సులువు కాదని తల్లులైనవారు ఎరుగుదురు.

తరువాత ప్రభువు మోంగ్కుట్ రాజు అంత్యక్రియలకు బ్యాంకాకు వెళ్లి, తిరుగు ప్రయాణములో జబ్బుపడి, 1870 జూన్ మాసాంతమున తన పట్టణము చేరకముందే మరణించెను. దేవుడు శత్రువును కొట్టెనని పలువురు అనుకొనిరి. మేము ఆ మాట అనుటకు తెగించము. ఇరువురు హతసాక్షుల మరణము శిక్ష కానప్పుడు, జబ్బుతో మరణించినవాని మరణమును శిక్షయని చెప్పుటకు మనమెవ్వరము? చరిత్ర చెప్పునది ఇంతమాత్రమే. ఆయన తరువాత వచ్చిన ఇంతవిచయానోన్ ప్రభువు మృదు స్వభావుడు. ఇంతనోన్ శిఖరమునకు ఆయన పేరే పెట్టిరి. ఆయన కాలమున చెదరినవారు ఒక్కొక్కరు తిరిగి వచ్చిరి. నాన్ ఇంటా సంఘపు పెద్దగా నిలిచెను.

ఒక పెండ్లి, ఒక రాజశాసనము

కత్తి ఒరలోనికి పోయినను చిక్కులు పోలేదు. 1878లో ఇద్దరు క్రైస్తవ యౌవనులకు పెండ్లి నిశ్చయమైనది. ఆ సీమ ఆచారము చొప్పున కుల దయ్యమునకు రుసుము చెల్లించినగాని పెండ్లి చెల్లదు. విశ్వాసులు చెల్లింపమనిరి. కులపెద్ద ఒప్పుకొనడాయెను. అది కొద్ది డబ్బు. మూలన పడవేసి పెండ్లి జరుపుకొనవచ్చుననువారు అప్పుడును ఉండిరి, నేడును ఉన్నారు. దొరగారు మాత్రము ఆ చిన్న రుసుము వెనుక పెద్ద సంగతి యున్నదని చూచిరి. ఈ రుసుము తప్పనిసరియైనయెడల ఏ క్రైస్తవ కుటుంబమును న్యాయముగా నిలువదు.

ఆయన స్థానికాధికారులకు విన్నవించి, వారివలన కానందున యౌవనుడైన చులాలోంగ్‌కోర్న్ రాజునకే విజ్ఞాపన పంపుకొనిరి. 1878 అక్టోబరు 8వ తేదీన చియాంగ్ మైలో మతస్వేచ్ఛా శాసనము ప్రకటింపబడెను. ఇష్టమైనవారు క్రైస్తవ మతమును అవలంబింపవచ్చును, బంధువులు గాని అధికారులు గాని ఆటంకపరచరాదు, అత్యవసరమైనప్పుడు తప్ప ఆదివారమున వారిచేత పని చేయింపరాదు అని దాని సారాంశము. తొమ్మిదేండ్ల క్రిందట ఇద్దరు ఏ కారణమున చంపబడిరో, ఆ కారణమే ఇప్పుడు రాజశాసనముచేత హక్కు ఆయెను. బౌద్ధుడైన రాజు తన బౌద్ధ దేశములో కొద్దిమంది క్రైస్తవులకు ఈ న్యాయము చేసెనని మనము కృతజ్ఞతతో జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ 1878వ సంవత్సరము తెలుగు క్రైస్తవులకును మరువరానిది. ఆ జూలై 3వ తేదీన ఒంగోలు మిషనువారు గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. అదే యేట చియాంగ్ మైలో సంఘమంతయు ఒక చిన్న గదిలో పట్టునంతటిది. ఒక పొలములో పంట కుప్పలు పడుచుండగా మరియొక పొలములో ఇంకను గట్టు వేయుచుండిరి. రెండును ఒకే యజమానుని పొలములు.

దయ్యము పట్టినదని వెలివేయబడినవారు

ఆ సీమలో ఒక క్రూరమైన ఆచారము కలదు. పల్లెలో ఎవరికైన జ్వరము వచ్చి పలవరించినయెడల, ఫలాని యింటివారి దయ్యము పట్టినదని చెప్పి, ఆ యింటివారిని ఊరినుండి తరిమి, వారి ఇల్లు కాల్చివేసెడివారు. వారు ఎక్కడికి పోయినను నిలువనీడ యుండదు. బాణామతి, చేతబడి అని నిందమోపి అమాయకులను హింసించిన సంగతులు మన పల్లెలలోను విన్నాము గనుక ఇది మనకు బోధపడును. మెక్‌గిల్వరీగారు అట్టివారికి మిషను స్థలములో చోటిచ్చిరి. దయ్యము పట్టినదన్న ఇంటనే నిర్భయముగా కాపురముండి చూపిరి. ఆ జ్వరమును క్వయినా తగ్గించినప్పుడు పట్టినది దయ్యము కాదు, చలిజ్వరమేనని అనేకులు గ్రహించిరి. అచ్చటి సంఘములో చేరిన కుటుంబములలో ఇట్లు వెలివేయబడినవి చాల కలవు. లోకము త్రోసివేసినవారితో ప్రభువు భోజనము చేసెనని మనము చదువుదుము గదా.

ఏనుగు మీద, కాలినడకను

దొరసానిగారు తన యింట కొందరు బాలికలకు చదువు చెప్ప మొదలుపెట్టిరి. 1879లో ఇద్దరు ఉపాధ్యాయినులు వచ్చిన తరువాత అది బాలికల పాఠశాలగా పెరిగెను. మత్తయి సువార్తను ఆ సీమ భాషలోనికి తర్జుమా చేసినదియు ఆమెయే. తరువాత బాలుర పాఠశాలయు, వైద్యశాలయు ఏర్పడెను. 1908లో డాక్టరు మెక్‌కీన్‌గారు పట్టణమునకు దక్షిణమున పింగ్ నదిలోని ఒక లంకలో కుష్ఠరోగులకు ఆశ్రమము నెలకొల్పిరి. చియాంగ్ మై ప్రభువు ఆ స్థలమిచ్చెను.

మెక్‌గిల్వరీగారికి ఇంటిపట్టున నుండుట చేతకాదు. వానలు వెనుకబట్టగానే ఏనుగుమీద సామాను వేసికొని కొండదారులు పట్టెడివారు. చియాంగ్ రాయ్, చియాంగ్ సేన్, మెకాంగ్ నది దాటి లువాంగ్ ప్రబాంగ్, బర్మా షాన్ సీమలోని చియాంగ్ తుంగ్, చీనా దేశపు పొలిమేరవరకు తిరిగిరి. గీతలు గీసి సరిహద్దులని దేశములు వాదులాడుకొనుచుండగా, ఆయన ఆ గీతలకు ఇరువైపుల నున్న మనుష్యులను చూచిరి. కొండజాతులవారి గ్రామములలో బస చేసిరి. 1897లో చియాంగ్ రాయ్‌లో మిషను కేంద్రము ఏర్పడుటకు ఈ ప్రయాణములే దారి వేసెను.

ఆ ప్రయాణములలో ఆయనకు తోడుగా నడిచినవాడు నాన్ టా. 1869లో హత్యలు జరిగినప్పుడు ఇతడు ఇంకను నేర్చుకొనుచున్న యువకుడు. భయపడి పారిపోయి, అనేక సంవత్సరములు పరదేశములలో తిరిగి, మరల వచ్చి సంఘములో చేరెను. 1889లో అతనికి పాదిరిగా అభిషేకము జరిగెను. ఆ జాతిలో అతడే మొదటి పాదిరి. పారిపోయినవాడు తిరిగి వచ్చునప్పటికి ఒకడు ఇంటిలో కాచియుండవలెను. దొరగారు ఆనాడు పడవ ఎక్కి వెళ్లియుండినయెడల నాన్ టా ఎవరియొద్దకు తిరిగి వచ్చును?

అయితే లోపములను దాచుట మంచిది కాదు. ఆ జాతివారిని పాదిరులుగా సిద్ధపరచుటలో ఆ మిషను మిక్కిలి ఆలస్యము చేసెను. శిక్షణ తరగతులు పెట్టవలెనని మెక్‌గిల్వరీగారు పట్టుపట్టిరి గాని, తోటివారందరు ఒక మాటమీద లేరు. అనేక సంవత్సరములు అభిషేకము పొందినవారు కొద్దిమందియే. దొరల చేతులలోనే పగ్గములుండెను. మన సంఘములలోను పెద్దలు చిన్నవారికి పని అప్పగించుటకు జంకుచున్న చోట్ల ఇది ఆలోచింపదగిన సంగతి.

ముగింపు

1911 ఆగష్టు 22వ తేదీన, తమ 83వ యేట, చియాంగ్ మైలోనే మెక్‌గిల్వరీగారు ప్రభువునందు నిద్రించిరి. ఏడుగురు విశ్వాసులతో మొదలై ఇద్దరి రక్తముతో తడిసిన ఆ సంఘము అప్పటికి వేలమందియై, పలు పట్టణములకు వ్యాపించియుండెను. ఆయన తన జ్ఞాపకములను వ్రాసిన గ్రంథము మరుసటి సంవత్సరము వెలువడెను. దొరసానిగారు 1923 వరకు జీవించిరి. చియాంగ్ మైలోని పాయప్ విశ్వవిద్యాలయమున వేదాంత కళాశాలకు నేడు మెక్‌గిల్వరీ పేరు కలదు.

ప్రియులారా, ఈ చరిత్రనుండి మనమేమి నేర్చుకొందుము? గోధుమగింజ భూమిలో పడి చచ్చుటను గూర్చి ప్రభువు చెప్పిన మాట మనకు తెలిసినదే. నోయి సున్యా, నాన్ చై ఆ గింజలు. అయితే గింజ పడిన తరువాత ఆ మడియొద్ద కావలి యుండువాడు ఒకడు కావలెను. మొలక కనబడు దినము ఏదియో అతనికి తెలియదు. నీరు కట్టవలెను, కలుపు తీయవలెను, పశువులను తోలవలెను. మెక్‌గిల్వరీగారు చేసినది ఆ పని. కొరింథులో ఎదిరింపు వచ్చినప్పుడు పౌలునకు వచ్చిన ఆజ్ఞ పారిపొమ్మని కాదు, నిలిచి మాటలాడుమనియే.

ప్రతివాడును ఎల్లప్పుడును ఒకే చోట నిలువవలెనని మేము చెప్పుటలేదు. పొమ్మని దేవుడు చెప్పు వేళలును కలవు. అయితే మన గ్రామములలో ఇద్దరు ముగ్గురే కూడుకొను చిన్న ప్రార్థనాశాలలు, ఎవరును మెచ్చుకొనని బోధకులు, జీతము సరిగా అందకున్నను పిల్లలకు చదువు చెప్పు ఉపాధ్యాయులు కలరు. లేచిపోవలెనని ఈ మాసము ఎవరి మనస్సునకైన తోచినయెడల, పింగ్ నది ఒడ్డున పిల్లలను దగ్గరకు తీసికొని, జవాబు కొరకు మూడు మాసములు కనిపెట్టిన ఆ కుటుంబమును తలంచుకొనుడి. మీ పేరును, మీ ఊరి పేరును ఎరిగిన దేవుడు మీతో కూడ నుండునుగాక.